పక్క సీట్లో పెద్దవాడు
(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇవాళ పొద్దున మీరంతా కాఫీ కలుపుకునే ఉంటారు. ఆ కాఫీగింజ అరకు కొండల నుంచో, కర్ణాటక నుంచో వచ్చి ఉంటుంది. చక్కెర ఉయ్యూరు ఫ్యాక్టరీదో, మరో ఊరిదో. పోపులో వేసే ఎండుమిరపకాయలు గుంటూరు యార్డువి. ఇవేవీ నడిచి రాలేదు గదా! మనం ఆదమరిచి నిద్రపోతున్న వేళ ఎవరో ఒక డ్రైవరు, రెండు లైట్ల వెలుగులో రోడ్డు చూసుకుంటూ తెచ్చినవే. సరుకు ధర పెరిగితే గింజుకుంటాం గాని, దాన్ని తెచ్చినవాడు నిద్రపోయాడా లేదా అని ఏనాడైనా అడిగామా? నేనూ అడగలేదు, మొన్న మొన్నటిదాకా.

మా చెల్లెలి కొడుకు ఒక పెద్ద పార్సిలు కంపెనీలో లారీ డ్రైవరుగా చేరతానన్నాడు. ఆ కబురు పట్టుకుని మా చెల్లెలు ఒకనాటి సాయంత్రం పటమటలో మా ఇంటికి వచ్చింది. వస్తూనే ఏడుపు. "అక్కా, వీణ్ణి ఇంటరు చదివించింది లారీ తోలడానికా? పైగా మన మావయ్య సంగతి నీకు తెలీదా?" అంది.

తెలీకేం? మా మేనమామ లారీ డ్రైవరే. ఆయన కథ మా ఇంట్లో ఎవరూ పెద్దగా ఎత్తరు. ఎందుకో తర్వాత చెబుతాను. అప్పటికి మాత్రం చెల్లెలికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. నేను చదివింది పదో తరగతే గాని, తెలియని సంగతి తెలుసుకుందామన్న యావ ఎక్కువ. నాలుగు పుస్తకాలు తిరగేశాను. మావయ్యను అరుగు మీద కూర్చోబెట్టి, ఎన్నడూ అడగని ప్రశ్నలు అడిగాను. మన బెజవాడలో కొత్త డ్రైవరు ఎలా తయారయ్యేవాడు, ఇప్పుడెలా తయారవుతున్నాడు అన్న చరిత్ర కాస్త నా చేతికొచ్చింది. అదే మీతో పంచుకుంటాను.

అసలు మన కృష్ణా డెల్టాలో సరుకు మోసింది మొదట లారీ కాదు, పడవ. 1852లో మొదలుపెట్టి 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తిచేశారు. ఆనకట్ట వల్ల పొలాలకు నీరు రావడం ఒక ఎత్తు, కాలవల్లో పడవలు తిరగడం ఇంకో ఎత్తు. ఇవాళ బెజవాడ నడిమధ్య మనం ముక్కు మూసుకుని దాటే బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ ఉన్నాయే, ఒకప్పుడు అవే మన రహదారులు. ధాన్యం బస్తాలు పడవలకెక్కేవి. బకింగ్‌హామ్ కాలవ వెంబడి మద్రాసు దాకా సరుకు పోయేది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగడం. ఆ పడవ మీద సరంగు పక్కన ఒక కుర్రాడు ఉండేవాడు. తాడు లాగడం, గడ వేయడం, అన్నం వండడం వాడి పని. కొన్నేళ్ళు గడిచేసరికి ఆ కుర్రాడే సరంగు అయ్యేవాడు. ఈ కుర్రాణ్ణి గుర్తుపెట్టుకోండి. పేరు మార్చుకుని మళ్ళీ వస్తాడు.

1890లలో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది. బెజవాడ పెద్ద జంక్షనైంది. మోటారు బండి ఆ తర్వాత మెల్లిగా వచ్చింది. బండి తోలేవాడికి లైసెన్సు గట్రా అన్నీ కలిపి దేశమంతటికీ పనికొచ్చే మోటారు వాహనాల చట్టం 1939లో చేశారు. అదే ఏడాది రెండో ప్రపంచ యుద్ధమూ మొదలైంది. పెట్రోలుకు కరువొచ్చింది. బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో బస్సులు నడిపిన రోజులు మన తాతమ్మలు చెబుతుండేవారు. యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్ళు వాడి వదిలేసిన లారీలను అమ్మేశారు. దేశంలో చాలామంది లారీ వ్యాపారం మొదలుపెట్టింది ఆ పాత బళ్ళతోనే.

ఆపైన మన ప్రాంతంలో పనులు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. 1954లో టాటా వారు జర్మనీ బెంజి కంపెనీతో కలిసి మనదేశంలోనే లారీలు తయారుచేయడం మొదలుపెట్టారు. మరుసటి ఏడు, 1955 డిసెంబరు 10న, నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1957లో పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చి, దాని మీదుగా రోడ్డు పడింది. ఏరు దాటడం సులువైంది. అటు మద్రాసు, ఇటు కలకత్తా, పడమరకు హైదరాబాదు, తూర్పుకు బందరు. నాలుగు దారులూ బెజవాడలోనే కలుస్తాయి. అలాంటి ఊరికి లారీ రాకుండా ఉంటుందా? బెంజి సర్కిలుకు ఆ పేరు బెంజి లారీల వల్లే వచ్చిందని పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మలుపు. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ, అదే మన ఆర్టీసీ, ఏర్పడింది. అప్పటిదాకా కృష్ణా జిల్లాలో బస్సులు నడిపింది ప్రైవేటు యజమానులు. వాళ్ళ రూట్లను సంస్థ తీసుకుంటానంది. యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారి కేసు అంటే లా చదివే పిల్లలు ఇప్పటికీ పాఠంగా చదువుతారు. బస్సుల వాళ్ళ అభ్యంతరాలు విన్నది ఒక కార్యదర్శి, తీర్పు చెప్పింది ముఖ్యమంత్రి. ఇదేం న్యాయం, విన్నవారొకరు తేల్చినవారొకరైతే ఆ వినడం ఉత్త తంతే గదా అని 1958 నవంబరులో కోర్టు అంది. మన భాషలో చెప్పాలంటే, కోడలు గోడు అత్తగారు విని, తీర్పు మామగారు చెప్పినట్టు! తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా విన్నారు. ఆయన పక్షపాతం చూపారన్న వాదనను 1959లో కోర్టు ఒప్పుకోలేదు. మెల్లిగా బస్సు రూట్లు ఆర్టీసీ చేతికొచ్చాయి.

ఈ కేసు మనకెందుకంటారా? అక్కణ్ణించే డ్రైవర్ల దారి రెండుగా చీలింది. బస్సు డ్రైవరు సంస్థ మనిషయ్యాడు. అతనికి ఖాకీ బట్టలు, డిపో, డ్యూటీ చార్టు, దిగే వేళ, ఎక్కే వేళ. లారీ డ్రైవరు మాత్రం ఒక షావుకారు మనిషిగానే ఉండిపోయాడు. ఒక లారీ, రెండు లారీలు ఉన్న చిన్న యజమానులే ఎక్కువ. బండి కూడా అప్పు మీద కొన్నదే. లోడు దొరికితే సంబరం, దొరక్కపోతే బ్రోకరాఫీసు ముందు రోజుల తరబడి పడిగాపులు. అలాంటి చోట కొత్త డ్రైవరును తయారుచేసే బడి ఎక్కడుంటుంది?

ఉందండీ. ఆ బడి పేరు క్లీనరు పని. పడవ మీది కుర్రాడు గుర్తున్నాడుగా, వాడే వీడు.

మా మావయ్య 1970లో, పదిహేనో ఏట క్లీనరుగా చేరాడు. అప్పటికి ఆటోనగర్ ఊపందుకుంటోంది. ఇంజను పనివాళ్ళు, బాడీ కట్టేవాళ్ళు, రంగులు వేసేవాళ్ళు, స్ప్రింగుల కమ్మరులు అంతా ఒకచోట చేరి, దేశంలో పేరున్న మోటారు పేటల్లో అదొకటైంది. క్లీనరు కుర్రాడికి తెల్లవారుజామున మొదటి పని ఏమిటో తెలుసా? ఇనప కడ్డీతో ఒక్కో టైరునూ కొట్టుకుంటూ రావడం. గాలి నిండుగా ఉంటే ఖంగుమంటుంది. తగ్గితే మెత్తగా మూలుగుతుంది. కుండ కొనేటప్పుడు మనం వేలితో కొట్టి చూడమూ, అలాగే. తర్వాత రేడియేటరులో నీళ్ళు. లోడు మీద పట్టా కప్పి తాళ్ళు బిగించడం. ఎగువలో బండి ఆగితే చటుక్కున దిగి చక్రం కింద రాయి పెట్టడం. వెనక్కి తీసేటప్పుడు బండి ఒళ్ళు చరుస్తూ, "రానీ, రానీ, రైట్" అనడం. రాత్రి చెట్టు కింద స్టవ్ వెలిగించి అన్నం, పప్పుచారు వండడం. పెద్ద డ్రైవరు తిన్నాకే తను తినడం.

మూడేళ్ళు స్టీరింగు ముట్టుకోనివ్వలేదట. నాలుగో ఏట ఖాళీ బండిని గోడౌను ఆవరణలో ముందుకీ వెనక్కీ కదపనిచ్చారు. తర్వాత హనుమాన్ జంక్షన్ దాటాక, తెల్లవారే వేళ, తిన్నని రోడ్డు మీద, ఖాళీ బండి. ఆ తర్వాత సగం లోడు. లోడు బండితో ఘాటు దిగడం అన్నిటికంటే చివరి పాఠం. "బండి ఎక్కించడం గొప్ప కాదురా, దించడం గొప్ప. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు, బ్రేకును నమ్ముకోకు" అని పెద్ద డ్రైవరు చెప్పిన మాట మావయ్య ఇప్పటికీ అప్పజెబుతాడు.

ఈ బడిలో తిట్లుండేవి, దెబ్బలుండేవి. జీతమంటే ఉండీ లేనట్టే. పసిపిల్లల్ని పనిలో పెట్టడం తప్పు, ఆ తప్పును నేను పొగడను. కాని ఒక్క మేలు ఉండేది. కొత్తవాడు స్టీరింగు పట్టిన మొదటి రోజుల్లో పక్క సీట్లో ఒక పెద్దవాడు కూర్చునేవాడు.

మావయ్య డ్రైవరుగా తొలి ట్రిప్పు ఎప్పుడనుకున్నారు? 1977 నవంబరు. ఆ నెల 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేలమంది పోయారు. పదివేల పైమాటే అంటారు. బెజవాడ నుంచి బియ్యం, బట్టలు, మందులు వేసుకుని లారీలు బయల్దేరాయి. పెద్ద డ్రైవరుకు జ్వరం. ఉయ్యూరు దాటాక స్టీరింగు మావయ్య చేతిలో పెట్టి, తను దుప్పటి కప్పుకుని పక్కన కూర్చున్నాడట. పామర్రు, కూచిపూడి దాటేసరికి చెట్లు రోడ్డుకు అడ్డం. గట్లకు పశువుల కళేబరాలు. కొన్నిచోట్ల నీళ్ళ కింద రోడ్డుందో లేదో తెలీదు. ఇరవై రెండేళ్ళ మావయ్యకు త్వరగా వెళ్ళాలని ఆత్రం, అక్కడ జనం ఆకలితో ఉన్నారు గదా అని. పెద్దాయన మాత్రం పదే పదే బండి ఆపించి, "దిగు, కర్ర పట్టుకుని ముందు నడువు, నేల తగిలితేనే రా" అనేవాడట. అవనిగడ్డ చేరేసరికి చీకటి పడింది. "ఆలస్యమైంది గాని, ఒక్క బస్తా తడవలేదు" అని మావయ్య ఇప్పటికీ గర్వంగా చెబుతాడు.

ఇక ఆయన ఎత్తని కథకు వస్తాను.

అప్పటికి లారీల ప్రయాణాలు చాలా దూరం సాగాయి. పూర్వం ఇంకో రాష్ట్రంలోకి బండి వెళ్ళాలంటే అక్కడి అధికారుల అనుమతి సంతకాలు విడివిడిగా కావాలి. 1975లో నేషనల్ పర్మిట్టు పద్ధతి వచ్చింది. ఒక్క పర్మిట్టుతో అనేక రాష్ట్రాలు తిరిగే వీలు కలిగింది. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువులు పెరిగాక, ఐసు నింపి చేపలను కలకత్తా తోలడం మొదలైంది. సుమారు 1,200 కిలోమీటర్ల దారి. చేప ఆగదు, ఐసు ఆగదు, కాబట్టి డ్రైవరూ ఆగకూడదు!

అలాంటి ఒక ట్రిప్పు ముగించి మావయ్య ఇంటికొచ్చాడు. స్నానమైనా చేయకముందే యజమాని మనిషి వచ్చాడు. ఇంకో లోడు తయారుగా ఉంది, ఇప్పుడే కదలాలి, లేకపోతే వేరే డ్రైవరు సిద్ధంగా ఉన్నాడు అన్నాడు. ఆ యజమాని పేరు మనకెందుకు లెండి, ఆయనా అప్పుల్లో ఉన్నవాడే. మావయ్యకు అప్పుడే పెళ్ళయింది. కాదనలేకపోయాడు. పెద్ద డ్రైవరు అప్పటికే పని మానేశాడు. పక్కన ఉన్నది పదిహేడేళ్ళ క్లీనరు కుర్రాడు, వాడికీ నిద్ర లేదు. తుని దాటాక, తెల్లవారుజామున నాలుగింటప్పుడు, మావయ్య కళ్ళు మూతపడ్డాయి. ఆగి ఉన్న బండికి వెనకనుంచి గుద్దాడు. ఆ కుర్రాడి కాలు తీసేశారు.

మావయ్యకు దెబ్బలు మానాయి. కుర్రాడికి సోడా కొట్టు పెట్టించడానికి అత్తయ్య గాజులు అమ్మారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు నెలనెలా వాళ్ళింటికి డబ్బు వెళ్ళేది. మా ఇంట్లో లారీ మాటెత్తితే అత్తయ్య వంటింట్లోకి వెళ్ళిపోయేది అందుకే. మా చెల్లెలి ఏడుపూ అందుకే.

"మావయ్యా, తప్పెవరిది?" అని ఇన్నేళ్ళకు అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "అన్నీ నేర్పారమ్మా. గేరు నేర్పారు, ఘాటు నేర్పారు. 'నాకు నిద్రొస్తోంది, నేను తోలను' అని చెప్పడం మాత్రం ఎవరూ నేర్పలేదు."

సోదరీమణులారా, ఈ ఒక్క మాట కోసమే నేనింత చరిత్ర చెప్పుకొచ్చాను.

ఆ మాట చెప్పే హక్కు చట్టంలో లేదా అంటే, అప్పటికే ఉంది. 1961లో పార్లమెంటు మోటారు రవాణా కార్మికుల చట్టం చేసింది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు పని. దూర ప్రయాణాల్లో అయినా రోజుకు పది గంటలు మించకూడదు. అయిదు గంటలు పనిచేస్తే అరగంట విశ్రాంతి. ఒకనాటి పని దిగాక మళ్ళీ ఎక్కేలోపు వరసగా తొమ్మిది గంటల విరామం. ఎంత చక్కటి చట్టమో చూడండి! అయితే అది వర్తించింది అయిదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న సంస్థలకు. ఒక్క లారీ యజమాని దగ్గర పనిచేసిన మావయ్య లాంటివారికి ఆ గొడుగు నీడ పడలేదు. 2020లో పార్లమెంటు చేసిన కొత్త కార్మిక కోడ్‌లో ఈ చట్టాన్నీ కలిపేశారు.

మరి పెద్ద కంపెనీల సంగతి? సరుకు రవాణాలో పెద్ద సంస్థలూ ముందునుంచీ ఉన్నాయి. కలకత్తాలో 1958లో ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా మొదలైంది. కాకినాడ వారి శ్రీ రామదాస్ మోటార్ ట్రాన్స్‌పోర్టు పార్సిలాఫీసు తెలియని కోస్తా జిల్లా వారుండరు. మన విజయవాడలోనే 1982లో నవత రోడ్ ట్రాన్స్‌పోర్టు పుట్టింది. వీటి పద్ధతి వేరు. ఒక్క షావుకారు లోడు కాకుండా, వందమంది చిన్నా పెద్దా మూటలు బుకింగు ఆఫీసులో తీసుకుని, రసీదు రాసిచ్చి, గోడౌనులో ఊరి వారీగా వేరుచేసి, రాత్రి లారీకి ఎక్కిస్తారు. బస్సుకున్నట్టే ఆ లారీకీ బయల్దేరే వేళ, చేరే వేళ ఉంటాయి. డ్రైవరు లోడు కోసం వెతుక్కోనక్కర్లేదు. ట్రిప్పు కాగితం చేతికిస్తారు, జీతం, బత్తా లెక్క ఉంటుంది. ఆర్టీసీ డ్రైవరుకు 1958లో దొరికిన దారిలో సగమైనా లారీ డ్రైవరుకు ఇక్కడ దొరికిందన్నమాట.

సగమే అని ఎందుకన్నానంటే, ఇందులో ఒక చిక్కుంది. ఈ కాలంలో చాలా లారీల మీద క్లీనరు కనిపించడం లేదు. బళ్ళు మెరుగయ్యాయి, జీతం మిగులుతుంది, కాబట్టి క్లీనరును తీసేశారు. పసిపిల్లలు ఆ చాకిరీ నుంచి తప్పుకున్నారు, సంతోషమే. కాని ఆ బడీ మూతపడింది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇరవై ఏళ్ళు నిండాలి, అంతకుముందు ఏడాది పాటు చిన్న బండి లైసెన్సు ఉండాలి, అప్పుడే పెద్ద బండికి అర్హత. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను 2019లో తీసేశారు. 2021 నుంచి ప్రభుత్వ గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల పద్ధతి పెట్టారు. పెద్ద బండికి ఆరు వారాల్లో 38 గంటల పాఠం. మంచిదే. కాని మావయ్య ఏడేళ్ళు చదివిన చదువుకు 38 గంటలు సాటి వస్తాయా? మిగతా చదువు రోడ్డు మీదే, పక్కన ఒక పెద్దవాడు ఉంటేనే.

మిగతా దేశాల్లో ఏం చేస్తున్నారో చూశాను. ఐరోపాలో డ్రైవరు నాలుగున్నర గంటలు తోలితే ముప్పావుగంట ఆగి తీరాలి. ఎంతసేపు తోలాడో బండిలోని యంత్రమే రాసిపెడుతుంది. అమెరికాలో పెద్ద కంపెనీలు చాలావరకు కొత్త డ్రైవరును కొన్ని వారాలపాటు అనుభవజ్ఞుడైన శిక్షకుడి పక్కన ఒకే బండిలో పంపుతాయి. చూశారా? సముద్రాలు దాటినా అందరూ చేరుకున్నది మన పడవ సరంగు పద్ధతికే!

మనదేశంలోనూ కొన్ని మంచి మార్పులు రాకపోలేదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. అక్కడ గంటల తరబడి నిలబడి, ఆ పోయిన గంటలను నిద్ర మానుకుని పూడ్చుకునే అవస్థ తగ్గింది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీల్లో డ్రైవరు క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు. మే నెలలో బెజవాడ ఎండ ఎలా ఉంటుందో మనకు చెప్పాలా? ఆ ఎండలో ఇంజను పక్కనే కూర్చునేవాడికి అది విలాసం కాదు.

ఇవన్నీ తెలుసుకున్నాక మా చెల్లెలితో, "వద్దని ఏడవకు, సరేనని ఊరుకోకు. నాలుగు ప్రశ్నలు అడుగుదాం" అన్నాను. ఒకటి, మొదటి నెలల్లో అబ్బాయి పక్కన ఎవరు కూర్చుంటారు? రెండు, ఒక ట్రిప్పు దిగాక ఎన్ని గంటలకు మళ్ళీ ఎక్కిస్తారు? మూడు, దెబ్బ తగిలితే బీమా ఎంత, ఎవరు కడతారు? నాలుగు, నిద్రొచ్చి బండి ఆపితే, ఆలస్యమైందని జీతం కోస్తారా?

"ఆడవాళ్ళు వెళ్ళి అడిగితే బావుంటుందా?" అంది చెల్లెలు. పిల్లనిచ్చేటప్పుడు పెళ్ళివారింటికి వెళ్ళి వంటిల్లు దాకా చూసి వస్తాం. పిల్లాణ్ణి రోడ్డుకు ఇచ్చేటప్పుడు అడిగితే తప్పేమిటి? ఇద్దరం వెళ్ళాం. ఆ మేనేజరుగారు మొదట నవ్వారు. తర్వాత కూర్చోమన్నారు. మొదటి మూడు నెలలు సీనియరు డ్రైవరుతోనే పంపుతామన్నారు, ఇద్దరూ వంతులవారీగా తోలతారన్నారు. బీమా కాగితం చూపించారు. విరామం గంటలు చెప్పారు. నాలుగో ప్రశ్నకు మాత్రం కాసేపు ఆగారు. "కోయమమ్మా. కాని మాకు ఫోను చేసి చెప్పి ఆపమనండి" అన్నారు. ఆ ఆగడం చూసి మా చెల్లెలికి భయమేసింది. నాకు మాత్రం ఆ మనిషి మీద కాస్త నమ్మకం కలిగింది. ఆలోచించకుండా చెప్పే జవాబు కంటే ఆలోచించి చెప్పింది మేలు గదా.

అబ్బాయి చేరాడు. మొదటి ట్రిప్పు హైదరాబాదు. దాదాపు 275 కిలోమీటర్లు, అంతే. ఆ రాత్రి చెల్లెలు మా ఇంట్లోనే ఉంది. పది నిమిషాలకోసారి ఫోను అందుకోబోయింది. నేను లాక్కుని బీరువాలో పెట్టాను. తోలుతున్నవాడికి ఇంటినుంచి ఫోను చేయడమంటే మనమే వాడి కళ్ళు మూసినట్టు. ఇంట్లో వాళ్ళు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే సుమండీ. మావయ్య కూడా వచ్చి అరుగు మీద పడుకున్నాడు. పడుకున్నాడే గాని, నిద్రపోలేదు.

తెల్లారాక ఫోను మోగింది. "పెద్దమ్మా, చేరాం. గంటన్నర ఆలస్యమైంది. సూర్యాపేట దాటాక నాకు కళ్ళు కూరుకుపోయాయి. పక్కన పెద్దాయనకు చెప్పాను. ఆయనకూ నిద్ర చాల్లేదట. బండి పక్కకు తీయించి, ఆఫీసుకు ఫోను చేసి, ఇద్దరం పడుకుని వచ్చాం. ఏమంటారో ఏమో" అన్నాడు భయంగా.

ఫోను మావయ్యకు ఇచ్చాను. ఆయన విన్నాడు. గొంతు సవరించుకుని, "ఏమన్నా అననీరా. నువ్వు పాసయ్యావు" అన్నాడు. అత్తయ్య ఆ పూట వంటింట్లోకి వెళ్ళలేదు. అక్కడే నిలబడి అంతా విన్నది.

మీకు రావలసిన పార్సిలు ఒకపూట ఆలస్యమైతే, ఆఫీసుకు ఫోను చేసి కేకలేసేముందు ఒక్క క్షణం ఆగండి. ఎక్కడో ఒక కొత్త డ్రైవరు చెట్టు కింద బండి ఆపి కునుకు తీశాడేమో. వాడి ఇంట్లోనూ మనలాంటి తల్లి ఒకామె ఫోను వంక చూస్తూ కూర్చునే ఉంటుంది.

సెలవు.